చేప కోసం నాలుగు ఆనకట్టలు కూల్చారు

ఆనకట్టలు కట్టిన కథలు చాలా వేశాం, కూల్చిన కథ ఒకటి కావాలన్నారు ఎడిటర్. శుక్రవారానికి పేజీలు వెళ్లిపోవాలి. నాలుగు ఆనకట్టలు కూల్చిన అమెరికాలోని క్లామత్ నది కాగితాలు ముందేసుకుని కూర్చుంటే, ఉత్తర్వులూ ఒప్పందాలూ దాటుకుంటూ పోయిన నా చదువు ఒక చిన్న ప్రకటన దగ్గర ఆగిపోయింది. కాలిఫోర్నియా మత్స్య, వన్యప్రాణి శాఖ 2024 మార్చి మొదట్లో ఇచ్చిన ప్రకటన అది.

అందులో ఉన్నది చావు కబురు. ఫాల్ క్రీక్ దగ్గర కొత్తగా కట్టిన హ్యాచరీ నుంచి ఫిబ్రవరి 26న సుమారు 8,30,000 చినూక్ సాల్మన్ పిల్లల్ని వదిలారు. మన ఆక్వా రైతుల మాటలో చెప్పాలంటే సీడు. అవి వాలుకు ఈదుకుంటూ, కూల్చాల్సిన నాలుగింటిలో ఒకటైన ఐరన్‌గేట్ ఆనకట్ట అడుగున ఉన్న సొరంగంలోంచి పోయాయి. పెద్ద సంఖ్యలో చచ్చిపోయాయి.

కారణం గ్యాస్ బబుల్ వ్యాధి. నీటి ఒత్తిడి ఉన్నట్టుండి మారిపోతే చేప ఒంట్లో కరిగి ఉన్న వాయువులు మూత తీసిన సోడాలోలా బుడగలు కడతాయి. వేలెడంత కూడా లేని పిల్లలు తట్టుకోలేవు. అప్పటికే జలాశయాలు ఖాళీ చేసేశారు, నది నిండా బురద నీళ్లు. కూల్చివేతే చేపల్ని చంపేసిందని ఎవరికైనా అనిపిస్తుంది. ప్రకటన మాత్రం వేరే సంగతి చెప్పింది. నీటిలో బురద, ప్రాణవాయువు చేపలు బతకగలిగేలానే ఉన్నాయి. దిగువన దొరికిన, కాస్త పెద్దవైన వేరే సాల్మన్ పిల్లలు ఆరోగ్యంగా ఉన్నాయి. ప్రాణం తీసింది సొరంగం. అంటే, ఇంకా కూల్చకుండా మిగిలి ఉన్న ఆనకట్టే.

ఆ దారిలోకి పిల్లల్ని వదలకుండా ఉండాల్సింది, నాకు సందేహం లేదు. అయినా వారం తిరక్కుండా శాఖవాళ్లు నష్టాన్ని తామే బయటపెట్టారు. సొరంగం పోయేదాకా పిల్లల్ని ఆనకట్టకు దిగువనే వదులుతామన్నారు. ఆ నది గురించి తర్వాత వచ్చిన మంచి కబుర్లను నేను నమ్మడానికి ఈ ప్రకటనే కారణం.

వెనకటి కథ క్లుప్తంగా. 1918 నుంచి 1962 వరకు ఒక్కొక్కటే పూర్తయిన కాప్కో-1, కాప్కో-2, జె.సి.బాయిల్, ఐరన్‌గేట్ కరెంటు కోసం కట్టినవి. సాగునీరు ఇచ్చినవి కావు. నాలుగూ కలిపి దాదాపు 163 మెగావాట్లు. సాల్మన్‌కు 640 కిలోమీటర్లకు పైగా ఆవాసం మూసుకుపోయింది. 2002 సెప్టెంబరులో దిగువ క్లామత్‌లో నీరు తగ్గి, వేడెక్కి, మొప్పల రోగం సోకి కనీసం 34,000 చేపలు చచ్చాయి. నది మీదే బతికే యురోక్, కరుక్ తెగలు ఆ తర్వాత ఆనకట్టలు కూల్చాలన్న పట్టు వదల్లేదు. 2022 నవంబరులో కేంద్ర ఇంధన నియంత్రణ సంస్థ అనుమతి, సుమారు 45 కోట్ల డాలర్ల ఖర్చు, 2024 అక్టోబరు తొలి రోజులకల్లా పని పూర్తి.

అదే నెల 16న ఒరెగాన్ జీవశాస్త్రజ్ఞులకు జె.సి.బాయిల్ ఆనకట్ట ఉన్న చోటుకు ఎగువన, ఓ ఉపనదిలో చినూక్ కనిపించింది. సముద్రం నుంచి దాదాపు 370 కిలోమీటర్లు ఎదురీది వచ్చింది. 1912 తర్వాత సముద్రం నుంచి అంత ఎగువకు చేప చేరడం అదే మొదలు. ఇది రాస్తుంటే కూడా నాకు ఒళ్లు పులకరిస్తోంది.

వద్దన్నవాళ్లు
కాలిఫోర్నియా వైపు ఆనకట్టలున్న సిస్కియూ కౌంటీలో 2010లో ఓటింగ్ పెడితే పదిమందిలో దాదాపు ఎనిమిది మంది కూల్చొద్దన్నారు. కాప్కో జలాశయం ఒడ్డున ఇళ్లు కట్టుకున్నవారి ముందు ఇప్పుడు సరస్సు లేదు. వాళ్ల నష్టం నిజమైనదే.

విత్తనాలు
నీళ్లు పోయి బయటపడిన నేల సుమారు 2,200 ఎకరాలు. దాన్ని ఊరికే వదిలితే కలుపు ఆక్రమిస్తుంది. అందుకే యురోక్ తెగవారి ఆధ్వర్యంలో చుట్టుపక్కల కొండల్లో స్థానిక మొక్కల గింజలు ఏరి, పెంచి, వందల కోట్లలో చల్లారు.

ఇదంతా చదువుతుంటే గోదావరి మనసులో మెదలకుండా ఉంటుందా? పులస కూడా సాల్మన్‌లాగే సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి వరద గోదారికి ఎదురీదే చేప. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట దాని దారికి అడ్డం వచ్చింది. దాన్ని కూల్చమనడానికి నాకు నోరు రాదు. డెల్టా తినే అన్నం ఆ నీళ్లదే. కరెంటుకు వేరే దారి ఉంది, వరికి లేదు. కానీ పోలవరం స్పిల్‌వేలో చేపల కోసం నిచ్చెన కట్టిన మనం, పులస అక్కడిదాకా రావాలంటే ముందు ధవళేశ్వరం దాటాలన్న సంగతి మరవకూడదు.

జలవనరుల, మత్స్య శాఖలకు నా విన్నపం ఒక్కటే. వచ్చే వరదల నుంచి ధవళేశ్వరం దగ్గర ఎన్ని పులసలు ఎగువకు దాటుతున్నాయో ఏటా లెక్కపెట్టించండి. ఆ లెక్క సున్నా అయినా సరే, జనానికి చెప్పండి.