టబ్బులో రాకాసి బల్లుల జూ

వేసవి సెలవుల్లో డైనోసార్ల జూ కడతామని పిల్లలు వెంటపడుతున్నారా? పాత ప్లాస్టిక్ టబ్బు ఇచ్చి సగం బురద, సగం ఇసుక నింపమనండి. అసలు చిక్కల్లా, బురదలో ఎవరిని ఉంచాలన్నదే!

చిన్నప్పటి బొమ్మల పుస్తకం గుర్తొచ్చి నేను పొడుగు మెడ డైనోసార్‌ని నీళ్లలో దించాను. "అమ్మా, దానికి ఊపిరాడదు!" అని మావాడు ఏడ్చినంత పని చేశాడు. నిజమేనట. అంత లోతున మునిగితే నీటి ఒత్తిడికి ఊపిరితిత్తులు విచ్చుకోవు. స్తంభాల్లాంటి కాళ్లతో అవి నేల మీదే తిరిగేవి. మన గోదావరి లోయలో, యామనపల్లి దగ్గర దొరికిన కోటసారస్ కూడా అంతే. దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్లో ఉంది, పిల్లలకి చూపించండి.

బురద వాటా స్పైనోసారస్‌ది. చేపలు తినే రకం. మొరాకోలో దొరికిన దాని తోక తెడ్డులా ఉందని 2020లో ప్రకటించారు. బాగా ఈదేదా, ఒడ్డున నిలబడి పట్టేదా అని శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటున్నారు. అందుకే మేం బొమ్మ మోకాలి లోతు నీళ్లే పోశాం.

పైన దోమతెర కట్టండి, టెరోసార్ల కోసం. ఇవి డైనోసార్లు కావు, దగ్గరి చుట్టాలు. కెట్జాల్‌కోట్లస్ రెక్కలు చాపితే దాదాపు 10 మీటర్లు! నేల మీద రెక్కలు మడిచి నాలుగు కాళ్లతో నడిచేది గనక ఇసుకలో చోటు వదలండి. మా ఇంట్లో దోమతెర చాలక నా పాత వోణీ కూడా పోయింది.