నర్సుల న్యాయవేతనము – గంట లెక్క

జీతము, బత్తెము, కూలి అను మూడు మాటలును మన భాషలో శ్రమకు ప్రతిఫలమును దెలుపునవే. నెలకు నియతముగా నిచ్చునది జీతము. తిండికిని దారికిని ఇచ్చునది బత్తెము. చేసిన పనిని కొలిచి ఇచ్చునది కూలి. నర్సునకు లభించునది పేరునకు జీతమే. అయినను అది న్యాయమైనదో కాదో తేలవలెనన్నచో, దానిని కూలివలె గంటకు విభజించి చూడవలయును. ఈ వ్యాసమున నిరూపింపదలచిన విషయ మిదియే.

కాట్టుపల్లి, తిరుత్తణి, తిరువళ్లూరు ప్రాంతముల తెలుగు కుటుంబములకు ఇది పట్టని సంగతి గాదు. మన బడులలో చదివిన బాలికలు నర్సింగు ముగించి చెన్నపట్టణపు ఆసుపత్రులలో పనికి కుదురుచున్నారు. వారి చేతికి వచ్చు నియామకపత్రము తరచుగా ఇంగ్లీషున నుండును. అందు నెలజీతము స్పష్టముగ నుండును గాని, పనిగంటల ప్రసక్తి ఒక్కొక్కచో నుండనే యుండదు.

మొదట న్యాయవేతన మనగా నేమో చూతము. 1948లో కేంద్రప్రభుత్వము నియమించిన న్యాయవేతన సంఘము వేతనమును మూడు మెట్లుగా విభజించినది. ప్రాణధారణకును, పనిచేయు శక్తి నిలుచుటకును చాలునది కనీసవేతనము. గౌరవముగ బ్రతికి, వార్ధక్యమునకును ఆపదకును కొంత నిలువ చేసికొనగలిగినది జీవనవేతనము. ఈ రెంటికి నడుమనుండునది న్యాయవేతనము. దానికి క్రిందిహద్దు కనీసవేతనము. పైహద్దు యజమాని ఇచ్చుకొనగల శక్తి. హద్దులు రెండును గలవు గనుకనే నడుమ బేరమునకు తావున్నది.

ఇక లెక్క. నెలకు 20,000 రూపాయల జీత మనుకొందము. దినమునకు 8 గంటలు, నెలకు 26 దినములు పనిచేసినచో మొత్తము 208 గంటలు. గంటకు సుమారు 96 రూపాయలు. అదే జీతమునకు దినమునకు 12 గంటలు పనిచేయవలసివచ్చినచో 312 గంటలగును. గంటకు 64 రూపాయలే. జీతము తగ్గలేదు, కాని గంట వెలలో మూడవవంతు పోయినది. 2019 నాటి వేతనసంహిత 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చినది. కనీసవేతనము నిర్ణయింపబడిన ఉద్యోగి సాధారణదినమునకు మించి పనిచేసినచో, ఆ మించిన గంటలకు రెండింతలకు తక్కువగాకుండ ఈయవలెనని దానియందు గలదు. ఆ విధముగ లెక్కించినచో, పై యుదాహరణమునందలి అదనపు 104 గంటలకే మరి 20,000 రూపాయలు రావలసియుండును.

మరియొక సూక్ష్మాంశము గలదు. ఒక నర్సు వేరొక నర్సునకు రోగులను అప్పగించు సమయమును పలువురు లెక్కింపరు. అది దినమునకు అరగంట యైనను నెలకు 13 గంటలు. 96 రూపాయల చొప్పున 1,250 రూపాయలకు దగ్గరగును.

పోల్చుకొనుటకు కొలబద్దలును గలవు. భారత శిక్షిత నర్సుల సంఘము వేసిన వ్యాజ్యమున సుప్రీముకోర్టు 2016 జనవరి 29న కేంద్రమును ఒక సంఘమును నియమింపుమని యాదేశించినది. ఆ సంఘము ప్రయివేటు ఆసుపత్రులకు ఇట్లు సిఫారసు చేసినది: 200 పడకలకు మించినచో ప్రభుత్వ నర్సులతో సమానవేతనము, 100 పడకలకు మించినచో అందు పదవవంతునకు మించి తగ్గరాదు, 50 మొదలు 100 వరకైనచో నాల్గవవంతునకు మించి తగ్గరాదు, 50కి లోపైనచో 20,000 రూపాయలకు తక్కువ గారాదు. ఇవి సిఫారసులేగాని శాసనములు గావు. అయినను అడుగువానికి ఆధారము గలదన్న బలము చిన్నది గాదు.

ప్రభుత్వోద్యోగమైనంతమాత్రమున న్యాయము తనంత వచ్చుననుటకు వీలులేదు. తమిళనాడున 2015లో ఒప్పందముపై నియమితులైన నర్సులకు నెలకు 7,700 రూపాయలే యిచ్చిరి. 208 గంటలకు పంచినచో అది గంటకు 37 రూపాయలు. 2017 నవంబరులో వారు చెన్నైలో సమ్మెకు దిగిరి. పిదప అది 14,000 రూపాయలైనది. ఒంటరిగ నడిగినది మనవి, కూడి యడిగినది లెక్క యగునని దీనివలన దెలియుచున్నది.

నర్సు ప్రాక్టీషనరు విషయమున మరియొక చిక్కు గలదు. రోగిని పరీక్షించి, నిర్ణీత నియమముల మేరకు చికిత్స నిర్ణయించు ఈ వృత్తి 1965లో అమెరికాలోని కొలరాడోయందు లొరెట్టా ఫోర్డు, హెన్రీ సిల్వరు అను వారిచే ఆరంభింపబడినది. మనదేశమున భారత నర్సింగు మండలి తీవ్రచికిత్సావిభాగమునకై రెండేండ్ల ఉన్నతవిద్యగా దీని నేర్పరచినది. బాధ్యత పెరిగి వేతనము మామూలు నర్సుదే యైనచో, ఆ రెండేండ్ల చదువు ఆసుపత్రికి ఉచితముగ ముట్టినట్లే.

కావున పనిలో చేరుటకు పూర్వమే మర్యాదగ, “అయ్యా, నెల కింత యని సెలవిచ్చితిరి, ఇది ఎన్ని గంటల పనికి?” అని యడుగవలెను. రాత్రిపనికి భత్యమెంత, అదనపు గంటలకు వెల యెంత, అప్పగింత సమయము లెక్కకు వచ్చునా, సెలవు లెన్ని యనునవి వ్రాతమూలకముగ పొందవలెను. తెలియని భాషలోని పత్రమును తెలిసినవారిచే చదివించుకొనక సంతకము చేయరాదు. అసలు పట్టాలను చూపవచ్చును గాని యజమానివద్ద విడిచిపెట్టరాదు.

సేవాభావము వేరు, వెలలేని శ్రమ వేరు. రోగిపై దయ నర్సు హృదయమున నుండవలసినదే. ఆ దయను జీతపుపద్దులో తగ్గింపుగా వ్రాయుట మాత్రము న్యాయముగాదు. మన బడిలో నేర్పిన భాగాహారము ఈ యొక్క లెక్కకైన నక్కఱకు వచ్చినచో మన బాలికల చదువు సార్థకమగును.