మందు కొట్టేవారి దుస్తులు: ప్రయోగశాల కొలతలు, పత్తిచేను వాస్తవాలు

గత వానాకాలంలో ఒక పత్తిచేనులో ప్రదర్శన నిమిత్తం పిచికారీ చేయిస్తుండగా, పంపు వీపున తగిలించుకున్న కూలీ మేము ఇచ్చిన రక్షణ కోటును ఇరవై నిమిషాలకే విప్పి గట్టున పెట్టాడు. కారణమడిగితే "మందు సంగతి తర్వాత సార్, ముందు ఇందులో ఉడికిపోతున్నా" అన్నాడు. నా నివేదికలో ఆ సంఘటనను 'స్వీకరణ లోపం' కింద నమోదు చేశాను. తరువాత ఆ బట్ట పరీక్షా పత్రాన్ని చదివినప్పుడు గానీ లోపం ఎక్కడుందో బోధపడలేదు. బట్ట పరీక్షలో ఉత్తీర్ణమైంది. అయితే పరీక్ష జరిగిన వాతావరణం మన చేనుది కాదు.

బట్టల సౌకర్యాన్ని కొలిచే పద్ధతులలో ప్రధానమైనది ఐఎస్‌ఓ 11092 ప్రమాణం. చర్మాన్ని పోలిన సచ్ఛిద్ర లోహపు పలకను 35 డిగ్రీల సెల్సియస్ వద్ద నిలిపి, దానిపై బట్టను పరుస్తారు. పలకను పొడిగా ఉంచి, 20 డిగ్రీల గాలిలో ఉష్ణ నిరోధాన్ని కొలుస్తారు. ఆవిరి నిరోధాన్ని కొలిచేటప్పుడు పలకకు నీరు అందిస్తూ, గాలిని కూడా 35 డిగ్రీల వద్దనే ఉంచి, సాపేక్ష ఆర్ద్రతను 40 శాతంగా నిర్ణయిస్తారు. పలక ఉష్ణోగ్రత పడిపోకుండా ఉండేందుకు ఎంత విద్యుత్తు కావాలో, అంత వేడి బట్ట గుండా బయటికి పోయినట్లు లెక్క. ఆకు బాష్పోత్సేకాన్ని లెక్కించిన విద్యార్థికి ఇందులో కొత్తదనమేమీ కనిపించదు. పత్రరంధ్రాల నిరోధం స్థానంలో బట్ట నిరోధం వచ్చింది, అంతే. ఆవిరిని నడిపించే శక్తి రెండింటిలోనూ ఆవిరి పీడన భేదమే.

చిక్కంతా ఆ పీడన భేదంలోనే ఉన్నది. 35 డిగ్రీల వద్ద తడి చర్మంపై ఆవిరి పీడనం సుమారు 5.6 కిలోపాస్కల్. ప్రయోగశాల గాలిలో అది సుమారు 2.2, భేదం 3.4. వాన వెలిసిన సెప్టెంబరు ఉదయం చేనులో 33 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్నాయనుకుందాం. గాలి ఆవిరి పీడనం 4.0కు చేరుతుంది. మిగిలిన భేదం 1.6 మాత్రమే. ఉదాహరణకు గాలిపొరతో సహా ఒక కోటు ఆవిరి నిరోధం 20 యూనిట్లు (చదరపు మీటరు పాస్కల్ ప్రతి వాటుకు) అయితే, ప్రయోగశాలలో ప్రతి చదరపు మీటరుకు సుమారు 170 వాట్ల వేడిని అది బయటికి పోనిస్తుంది. చేనులో అదే కోటు పోనిచ్చేది 80 వాట్లు. మధ్యస్థ శ్రమ చేసే మనిషి పుట్టించే వేడి చదరపు మీటరుకు సుమారు 165 వాట్లు. గాలికీ చర్మానికీ భేదం రెండు డిగ్రీలే కనుక పొడిగా పోయే వేడి స్వల్పం. చర్మ ఉష్ణోగ్రత మారదనుకొని స్థూలంగా లెక్కిస్తే, మబ్బు పట్టిన రోజున సైతం అరవై కిలోల మనిషి శరీర ఉష్ణోగ్రత గంటలో ఒకటిన్నర డిగ్రీలకు పైగా పెరగాలి. కూలీ కోటు విప్పడాన్ని అజ్ఞానమని అనలేము.

విప్పితే మరో ప్రమాదం. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొట్టిన వారిలో 20 మందికి పైగా మరణించిన సంగతి మనకు తెలిసినదే. చెమటతో తడిసిన చర్మం మందును మరింత సులభంగా పీల్చుకుంటుంది. మామూలు నూలు చొక్కా తన బరువులో సుమారు 8 శాతం తేమను సహజంగానే ఇముడ్చుకుంటుంది, పాలిస్టర్ అర శాతం కూడా ఇముడ్చుకోదు. చెమటకు నూలు హాయినిచ్చేది అందుకే. కాని తుంపర పడితే ఆ నూలే మందును చర్మానికి చేరవేసే ఒత్తిగా మారుతుంది.

రాయలసీమ వేసవి దీనికి భిన్నం. 40 డిగ్రీల గాలి చర్మం కంటే వేడిగా ఉంటుంది కనుక బట్ట ఉష్ణ నిరోధం బయటి వేడిని లోపలికి రానీయక మేలే చేస్తుంది. గాలి పొడిగా ఉండటం వలన చెమట త్వరగా ఆరుతుంది. గొర్రెల కాపరి ఎండలో గొంగడి కప్పుకోవడం చూసి నవ్వేవారు ఈ లెక్క ఒకసారి వేసి చూడాలి. అక్కడ ఆమోదించిన దుస్తులను కోస్తా పత్తిచేనుకు పంపడం మాత్రం సమంజసం కాదు.

పలక పరీక్షకు తెలియని విషయాలు మరికొన్ని ఉన్నాయి. చెమట విస్తారంగా పట్టేది వీపున. అక్కడే పదహారు లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు అతుక్కొని ఉంటుంది, దాని కింద ఏ బట్ట అయినా ఒకటే. నడుము ఎత్తు పైరులో నడిచేవారికి మందు ఎక్కువగా అంటేది తొడలకు, పిక్కలకు. కాబట్టి ఒళ్ళంతా రబ్బరు తొడగడం కంటే, కాళ్ళ ముందుభాగానికీ, ట్యాంకు ఆనే వీపుకూ మాత్రమే మందు చొరని బట్ట వాడి, చంకలు, ఛాతీ పక్కలు, తొడల వెనుక భాగం నీటిని తోసివేసే పలుచని నేత బట్టతో కుట్టడం మేలని నా అభిప్రాయం. పిచికారీ దుస్తుల ఐఎస్‌ఓ 27065 ప్రమాణం కూడా ప్రమాద స్థాయిని బట్టి మూడు తరగతులను అనుమతిస్తుంది.

అటువంటి దుస్తులను చేనులోనే పరీక్షించవచ్చు. ఖరీదైన పలక అవసరం లేదు. సున్నితమైన తూకం, తడి-పొడి బల్బు ఉష్ణమాపకం, సహకరించే మనిషి చాలు. పనికి ముందు, తరువాత మనిషిని ఒంటిపై కనీస దుస్తులతో తూచాలి. తాగిన నీటిని కలపాలి, మూత్రాన్ని తీసివేయాలి. వచ్చిన తేడాయే మొత్తం చెమట. దుస్తులను విడిగా తూచి, వాటిలో నిలిచిన తడిని అందులోంచి తీసివేస్తే, మిగిలినది ఆవిరైన చెమట. ఒక గ్రాము ఆవిరైతే సుమారు 2.4 కిలోజౌళ్ళ వేడి పోతుంది. కారిపోయిన చుక్క దాదాపు ఏ వేడినీ తీసుకుపోదు కనుక నేలరాలిన చెమటను ఆవిరిగా లెక్కించరాదు; దానికై నడుము పట్టీలోనూ, మేజోళ్ళలోనూ తూచిన దూదిని అమర్చాలి. ఈ పరీక్షలో మందుకు బదులు మంచినీళ్ళే పిచికారీ చేయాలి. బయటి నుండి పడిన తుంపర దుస్తుల తూకాన్ని తారుమారు చేయకుండా మొదటి విడతలో నాజిల్‌ను మూసి, నిండు ట్యాంకుతో నడిపించి చూడటం ఉత్తమం.