ఒక పొయ్యి - ఒక కుటుంబము

గ్రామములలో మమ్ము తరచు అడుగు ప్రశ్న యిది: చెన్నేకొత్తపల్లిలో ఒకే కప్పు క్రింద నున్న అన్నదమ్ములు వేరుగా వండుకొనుచున్నచో, జనగణనలో వారిది ఒక కుటుంబమా, రెండా? రెండే. కలిసి నివసించుచు, ఒకే వంటయింట భుజించువారే ఒక కుటుంబము. ప్రమాణము కప్పు కాదు, పొయ్యి.

బెంగుళూరుకు కూలికి పోయిన కుమారుని సంగతి యేమి? 2011లో గణన ఫిబ్రవరి 9 నుండి 28 వరకు జరిగినది. ఆ దినములన్నియు ఊర లేనివానిని ఉన్నచోటనే వ్రాయవలెనని నియమము. రెండుచోట్ల చెప్పినచో లెక్క తప్పును. ఎచ్చటను చెప్పనిచో మనిషియే తప్పిపోవును.

నాడు అనంతపురము జిల్లా జనసంఖ్య 40,81,148. 2022 నుండి చెన్నేకొత్తపల్లి శ్రీ సత్యసాయి జిల్లాలో నున్నది. కొత్త జిల్లాకు బడులు, ఆసుపత్రులు ఎన్ని కావలెనో తెలియుటకు సరియైన లెక్క అవసరము. 2021 నాటి గణన కోవిడ్ వలన వాయిదాపడగా, తదుపరి గణనకు 2027 మార్చి 1 ప్రమాణదినముగా ప్రకటింపబడినది.

పన్ను పడునేమోయని కొందరు పేర్లు దాచుదురు. ఆ భయము వలదు. 1948 నాటి జనగణన చట్టము ఈ వివరములను రహస్యముగా నుంచును. పొత్తిళ్లలోని ఆడుబిడ్డను, మంచముననున్న అవ్వను మరువక చెప్పుదము.