లాంచీ దిగి ఇంటికి ఏం తేవాలి?

కొల్లాపూర్: శ్రీశైలం జలాశయం నిండినప్పుడు సోమశిల రేవు నుండి శ్రీశైలానికి నడిచే లాంచీ ప్రయాణం సుమారు 7 గంటలు. వెళ్లిన మన జిల్లావాసులు మల్లన్న లడ్డు ప్రసాదం తప్పక తెస్తారు. సోమశిల చేపలను కూడా మరువరాదు. 1980 దశకంలో పొలాలు నీట మునిగిన ఒడ్డు గ్రామాలలో పలువురికి వలే జీవనాధారమైంది.

బొచ్చె, రవ్వ చేపలను వెళ్లేటప్పుడు కొంటే దారిలోనే చెడిపోతాయి. తిరిగి వచ్చాక రేవులో కొనాలి. పేగులు, మొప్పలు తీయించి, కిలో చేపకు కిలో మంచుగడ్డ వేయించుకుంటే గద్వాల, వనపర్తి చేరేదాకా భయం లేదు. ఇంకా దూరం వెళ్లేవారికి ఎండు చేపలు మేలు. చేతికి మెత్తగా, తడిగా తగిలితే తీసుకోరాదు. బేరమాడేటప్పుడు రాత్రంతా నీటిమీద గడిపిన పడవవాని కష్టాన్నీ లెక్కలో ఉంచుకోవాలి.