ఎర్ర పాపీ: పెట్టుకోవడం ఎవరిష్టం?

అక్టోబరు చివరికల్లా బ్రిటన్‌లో కోట్ల మీద ఎర్ర కాగితపు పాపీ పూలు కనిపిస్తాయి. మొదటి ప్రపంచ యుద్ధం ఆగిన నవంబరు 11 (1918) జ్ఞాపకార్థం పెట్టుకునే పువ్వది. అక్కడ చదువుకునే, ఉద్యోగాలు చేసే మన పిల్లలకు దాని గురించి ఎన్నో అపోహలు వినిపిస్తుంటాయి.

అపోహ: అది తప్పనిసరి. పెట్టుకోకపోతే అమరులను అవమానించినట్టే.

వాస్తవం: అలాంటి చట్టమేదీ లేదు. 1921 నుంచి ఈ పూలతో విరాళాలు సేకరిస్తున్న రాయల్ బ్రిటిష్ లీజన్ సంస్థే ఇది వ్యక్తిగత విషయమనీ, బలవంతం పాపీ స్ఫూర్తికే విరుద్ధమనీ చెబుతుంది. ఒత్తిడి మాత్రం నిజంగానే ఉంది. ఫుట్‌బాల్ ఆటగాడు జేమ్స్ మెక్లీన్‌నే చూడండి. అతనిది ఉత్తర ఐర్లండ్‌లోని డెరీ. 1972లో పౌరహక్కుల ఊరేగింపుపై బ్రిటిష్ సైనికులు కాల్పులు జరిపింది ఆ ఊళ్లోనే. మృతుల్లో ఆరుగురు అతను పెరిగిన క్రెగాన్ పేటవాళ్లు. రెండు ప్రపంచ యుద్ధాల మృతుల కోసమే అయితే ఏడాది పొడుగునా పెట్టుకుంటాననీ, 1945 తర్వాత బ్రిటిష్ సైన్యం పాల్గొన్న ఘర్షణలకూ అదే గుర్తు గనుక పెట్టుకోలేననీ 2014లో తన క్లబ్ ఛైర్మన్‌కు లేఖ రాశాడు. అయినా స్టేడియాల్లో ఏళ్ల తరబడి అతన్ని దూషించారు. ఇది అన్యాయం. తన ఊరి మృతులను తలచుకోవడం కూడా స్మరణే కదా!

అపోహ: తెల్ల పాపీ సైనికులకు వ్యతిరేకం.

వాస్తవం: 1933లో దాన్ని తెచ్చింది కోఆపరేటివ్ విమెన్స్ గిల్డ్. యుద్ధంలో భర్తలను, కొడుకులను, అన్నదమ్ములను పోగొట్టుకున్న స్త్రీలు అందులో ఎందరో. ఏ దేశం వారైనా, సైనికులైనా పౌరులైనా యుద్ధంలో పోయిన అందరికోసం ఆ పువ్వు. రెండూ కలిపి పెట్టుకునేవాళ్లూ ఉన్నారు.

అపోహ: మగవాళ్లు ఎడమవైపు, ఆడవాళ్లు కుడివైపు పెట్టుకోవాలి. ఆకు గడియారంలో 11 వైపు చూడాలి.

వాస్తవం: ఏ నియమమూ లేదు. స్కాట్లండ్ పాపీకి అసలు ఆకే ఉండదు.

అపోహ: మనకు సంబంధం లేదు.

వాస్తవం: మొదటి ప్రపంచ యుద్ధానికి పది లక్షలకు పైగా భారతీయులు సముద్రం దాటి వెళ్లారు. సుమారు 74,000 మంది ప్రాణాలు కోల్పోయారు. వారి గుర్తుగా 2018లో లీజన్ ఖద్దరు పాపీ తెచ్చింది. వాళ్లు మనవాళ్లే అని పెట్టుకునేవారికీ, వలస పాలకుల సైన్యానికి గుర్తు వద్దనుకునేవారికీ తగిన కారణాలున్నాయి. వద్దనుకుంటే "నేను పెట్టుకోనండీ" అంటే చాలు, సంజాయిషీ అక్కర్లేదు. మాజీ సైనికుల కుటుంబాలకు సాయపడాలనుంటే పువ్వు తీసుకోకుండానే లీజన్ డబ్బాలో చందా వేయవచ్చు.