పాడేవాడి వెంట నడిచే యంత్రం

1973 నవంబరులో ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో ‘ద హూ’ బృందం కచేరీ. వేదిక మీద లేని వాద్యాల ధ్వనిని టేపులోంచి వినిపిస్తున్నారు. ఆ టేపుకీ వాయిద్యానికీ లయ కుదరలేదు. గిటారిస్టు పీట్ టౌన్‌షెండ్ కోపం పట్టలేక పరికరాల మీద విరుచుకుపడి టేపులు పాడుచేశాడు. టేపు పాటలకు డ్రమ్మర్ కీత్ మూన్ హెడ్‌ఫోన్లు బిగించుకుని, అందులోని లయను వెంబడిస్తూ వాయించేవాడు. మీట నొక్కాక టేపు ఎవరి కోసమూ ఆగదు. పరుగెత్తాల్సింది కళాకారుడే.

పక్కన సర్దుకునేవాళ్లు లేని ఒంటరి గాయకుడికి ఇది మరీ కష్టం.

ఈ ఇబ్బందికి ఒక దారి 1983లో తెరుచుకుంది. ఆ జనవరిలో అమెరికాలో జరిగిన సంగీత వాద్యాల ప్రదర్శన ‘నామ్’లో రెండు వేర్వేరు కంపెనీల సింథసైజర్లను, ప్రాఫెట్-600నూ జూపిటర్-6నూ, కేబులుతో కలిపారు. ఒకదాని మీద మీట నొక్కితే రెండోది పలికింది. అలా కలిపే పద్ధతి పేరు మిడి. ఆ తీగలో ప్రవహించేది ధ్వని కాదు, ఆజ్ఞ: ఏ స్వరం, ఎంత బలంగా, ఎప్పుడు. అందుకే కంప్యూటర్‌తో వాయించేటప్పుడు వేగం పెంచినా శ్రుతి చెదరదు. 1985లో వచ్చిన అటారీ ఎస్‌టీ కంప్యూటర్‌కు మిడి సాకెట్లు పుట్టుకతోనే ఉన్నాయి.

అయితే రికార్డు చేసిన గొంతు సంగతి వేరు. టేపును వేగంగా తిప్పితే శ్రుతి కూడా పైకి పోతుంది. ఈ ముడిని వేదిక మీదే విప్పిన సాఫ్ట్‌వేర్ 2001లో బెర్లిన్ నుంచి వచ్చిన ‘ఏబుల్టన్ లైవ్’. దాని వెనకున్న గెర్హార్డ్ బేలెస్, రాబర్ట్ హెంకె ‘మోనోలేక్’ పేరుతో స్వయంగా కచేరీలు చేసినవాళ్లు. ఇది ధ్వనిని సన్నని ముక్కలుగా కోసి, ఒకదానిపై ఒకటి పరిచి, శ్రుతి మారకుండా సాగదీస్తుంది. పాటలోని ఒక్కో భాగం ఒక్కో క్లిప్పు. కళాకారుడు కాస్త ముందే నొక్కినా, ఆ క్లిప్పు తర్వాతి ఆవర్తనం మొదటి దెబ్బదాకా ఆగి అందుకుంటుంది. ఆగడం యంత్రానికి అలవాటు చేయడమే ఇందులోని అసలు గొప్పతనం.

లాప్‌టాప్ లేకుండానే ఇంకో దారీ ఉంది. 2004లో ఒక బీబీసీ కార్యక్రమానికి ర్యాపర్ నాస్ రాలేకపోతే, ఆఖరి ఘడియలో స్కాట్లండ్ గాయని కేటీ టన్‌స్టాల్‌ను పిలిచారు. ఆమె గిటారు చెక్కను తట్టింది, పాదంతో లూప్ పెడల్ నొక్కింది. ఆ దరువు తిరగడం మొదలైంది. దాని మీద తన గొంతే కోరస్‌గా పరిచి, అసలు పాట ఎత్తుకుంది. ప్రేక్షకుల కళ్లముందే ఒక మనిషి బృందమైంది. ముందే చేసి తెచ్చిన ట్రాక్ కంటే ఇది ఎక్కువ కదిలించడానికి కారణం అదే.

మన పెళ్లి వేదికల మీద మైనస్ వన్ ట్రాకులతో (గాయకుడి గొంతు తీసేసిన పాటలతో) పాడేవారికి ‘వన్స్‌మోర్’ వినబడితే సాధారణంగా పాటను మొదటినుంచీ పెట్టాల్సిందే. అదే ట్రాక్‌ను పల్లవి, ఇంటర్లూడ్, చరణంగా కోసి ఉంచుకుంటే, చప్పట్లు పడినచోట పల్లవిని మళ్లీ అందుకోవచ్చు. ఆ కోత మాత్రం ముందుగా ఇంట్లోనే, ఓపిగ్గా చేసుకోవాలి. సరిగ్గా దెబ్బ మీద కోయకపోతే, వేదిక మీది పెద్ద స్పీకర్లలో ఆ అతుకు ఇట్టే బయటపడుతుంది.